నందాదేవి చూపిస్తామన్న ప్యాకేజీ: లోయకు అయిదు, కంపెనీకి రెండు

రాజమండ్రిలో ఇరవైయారేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. ఎవరైనా వేరేచోట కుట్టించుకున్న జాకెట్టు తెచ్చి "బాగుందా అక్కా" అని అడిగితే ముందు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. పోయిన ఆగస్టులో వెళ్ళొచ్చిన ట్రెక్ ప్యాకేజీ గురించి కూడా అలాగే తిరగేసి రాస్తున్నాను. ఇందులో పొగడ్తా ఉంది, తిట్టూ ఉంది. ఎవరిది వాళ్ళకే చేరాలని నా తాపత్రయం.

ప్యాకేజీ పేరు ‘నందాదేవి దర్శనం, పూలలోయ, హేమకుండ్’. నందాదేవి అంటే ఉత్తరాఖండ్‌లో దేవతగా కొలిచే మంచు శిఖరం, హేమకుండ్ అంటే కొండమీద సరస్సు పక్కనున్న సిక్కుల గురుద్వారా. రిషికేశ్‌లో ఎక్కించుకుని మళ్ళీ రిషికేశ్‌లో దించుతారు. ఏడు రోజులు, మనిషికి 15,500 రూపాయలు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి నా యాభై రెండో పుట్టినరోజుకి ఇద్దరికీ కలిపి బుక్ చేసింది. ఆ డబ్బుతో ఓ పట్టుచీర వచ్చేది కదే అంటే, "చీరల మధ్యే కదమ్మా నువ్వుండేది" అని నోరు మూయించింది. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి పది ఉన్నాయి, అందరి ఫొటోలూ ఒకటే, పేర్లే వేరు. రేపు మీరు బుక్ చేసేది వేరే కంపెనీ అయినా నేను చెప్పేవి ఒకసారి అడిగి చూసుకోండి.

వాళ్ళు పంపిన కాగితం మీద పైన పెద్దగా నందాదేవి ఫొటో. నీలాకాశం, మంచు, ఒక్క మబ్బు తునక కూడా లేదు. కింద లిస్టు: నందాదేవి దర్శనం, పూలలోయ ట్రెక్, హేమకుండ్ సాహిబ్, ఔలీ రోప్‌వే, ఇద్దరికో గది, వేడినీళ్ళు, మంచి రెయిన్ పోంచో అద్దెకు. ఇందులో లోయా, హేమకుండ్ చెప్పినట్టే జరిగాయి. మిగతావాటి కథ కింద రాస్తున్నాను.

రిషికేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు. పన్నెండు గంటలు పట్టింది. అందులో రెండున్నర గంటలు కొండ జారి రోడ్డు మీద పడితే జేసీబీ వచ్చి తీసేదాకా కూర్చున్నవి. దీనికి కంపెనీని అనను, ఆగస్టులో ఆ దారి అంతే. డ్రైవరు మాత్రం బంగారం. దేవప్రయాగలో బండి ఆపి, మట్టిరంగులో ఉరుకుతున్న రెండు నదులు కలిసేచోటు చూపించి "ఇక్కణ్ణించే దీన్ని గంగ అంటారు" అన్నాడు. తర్వాత రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. నందప్రయాగ దగ్గర మొదటిసారి ఆ పేరు చెవిన పడింది. నందాకిని అనే నది అలకనందలో కలుస్తుంది అక్కడ. ఆ ప్రాంతమంతా నందే. ఊళ్ళ పేర్లలో నంద, నదుల పేర్లలో నంద, ఆడపిల్లల పేర్లలోనూ నంద. మనవైపు ప్రతి వీధిలో ఓ లక్ష్మి ఉన్నట్టు.

జోషీమఠ్‌లో గదికి ముగ్గుర్ని వేశారు. ఇద్దరికో గది అన్నారు కదా అంటే "సీజన్ మాతాజీ, అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు వాళ్ళ మనిషి. మూడో ఆవిడ నాగపూర్ నుంచి వచ్చిన టీచరమ్మ. మంచిదే, కానీ గురక. వేడినీళ్ళు బకెట్టుకి ఇంత అని విడిగా తీసుకున్నారు. ఇవి చిన్నవి, వదిలేస్తున్నాను. వదల్లేనిది ఆ ఊరి గోడలు. 2023 జనవరిలో ఇక్కడ నేల కుంగి వందల ఇళ్ళు పగుళ్ళిచ్చాయని టీవీలో చూసిందే. దగ్గర్నించి చూస్తే వేరు. మా హోటలు వెనక సందులో ఓ ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు, ఆ పగుల్లో నా చెయ్యి పట్టేంత సందు. ఆ ఇంటి ముందు తాడు మీద మాత్రం పసిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

రెండోరోజు గోవిందఘాట్ వెళ్ళి, అక్కణ్ణించి పుల్నా దాకా షేరు జీపులో వెళ్ళి, ఇక నడక. ఘాంఘ్రియా దాకా పది కిలోమీటర్లు అటూ ఇటూ, ఎక్కుడే. దారి పొడుగునా రాళ్ళు పరిచి ఉంటాయి. కంచర గాడిదలు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటాయి. వెనక గంటల చప్పుడు వినపడగానే కొండవైపుకి జరగాలి, లోయవైపు నిలబడకూడదు. ఇది మా గైడు చెప్పిన మొదటి పాఠం. అతను ఆ లోయ కుర్రాడే, భ్యూందార్ ఊరివాడు. పాతికేళ్ళుంటాయి. పేరు రాయను, అడక్కుండా పేరు పెట్టడం బాగుండదు. కంపెనీ మనిషి కాదు, సీజన్లో రోజుకూలీకి పెట్టుకున్న మనిషి. ఈ ప్యాకేజీలో డబ్బుకి తగ్గ సరుకు అతనొక్కడే.

ఇప్పుడు పోంచో సంగతి. అద్దె 400, డిపాజిట్టు 500. నడక మొదలైన గంటన్నరకి వాన పట్టుకుంది. పావుగంటలో నా ఎడమ భుజం తడిసింది, తర్వాత వీపు, తర్వాత లోపలేసుకున్న స్వెట్టరు నీళ్ళు పీల్చి రెండు కేజీలయింది. ఘాంఘ్రియా చేరాక దాన్ని మంచం మీద పరిచి తిరగేశాను. గుడ్డ మంచిదే, నైలాను మీద రబ్బరు పూత. తప్పంతా కుట్టులో ఉంది. భుజం మీద జాయింటు అంగుళానికి ఆరే కుట్లు, అదీ లావు సూదితో. జీన్సు కుట్టే సూదితో వానకోటు కుడితే ప్రతి కుట్టూ ఒక బెజ్జమే. ఆ బెజ్జాల మీద లోపలినుంచి అతికించాల్సిన టేపు ఎండిపోయి బల్లి కుబుసంలా ఊడి వస్తోంది. పద్నాలుగు మంది గ్రూపులో పదకొండు మందివి ఇవే పోంచోలు.

కరెంటు లేదు. కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను. నా హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటుంది. ముందు పాత కుట్టు మీదుగా కాకుండా, గుడ్డని ఒకసారి మడిచి పక్కన సన్నసూదితో కొత్త కుట్టు వేశాను. అంచుని మూసేసినట్టు. తర్వాత వేరే కొవ్వొత్తి ముక్కతో ఆ కుట్టు పొడుగునా గట్టిగా రుద్ది, గరిటె కాడ మంట దగ్గర కాస్త వేడిచేసి దానిమీద నడిపాను. మైనం కరిగి దారంలోకి ఇంకింది. గరిటె హోటలు వంటింట్లోంచి మా అమ్మాయి అరువు తెచ్చింది. ఒక పోంచోకి నలభై నిమిషాలు. మాది అయ్యేసరికి నాగపూర్ టీచరమ్మ తనది చేతికిచ్చింది, ఆవిడ వెనకాల ఇద్దరు పంజాబీ కుర్రాళ్ళు. రాత్రి పదకొండింటి దాకా అయిదు పోంచోలు అయ్యాయి. ఘాంఘ్రియా మూడువేల మీటర్ల ఎత్తు, వేళ్ళు కొంకర్లు పోతాయి. మిగతావాళ్ళకి దణ్ణం పెట్టాను. మర్నాడు వానలో ఆ అయిదూ కారలేదు. ఈ మాట గొప్పకే రాస్తున్నాను.

మూడోరోజు లోయ. ఇక్కణ్ణించి నా తిట్లు ఆగిపోతాయి.

చెక్‌పోస్టులో పేర్లు రాసుకున్నారు, సంచుల్లో ప్లాస్టిక్ ఏముందో అడిగారు. పర్మిట్ చీటీ మూడు రోజులకు చెల్లుతుంది. పొద్దున్నే తెరుస్తారు, మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరు, సాయంత్రం అయిదుకల్లా బయటికొచ్చేయాలి. లోపల టెంటు లేదు, టీకొట్టు లేదు, రాత్రి ఉండటం లేదు. కంచర గాడిదల్ని కూడా రానివ్వరు. నడవలేనివాళ్ళని బుట్టలో కూర్చోబెట్టుకుని వీపున మోసుకెళ్ళే మనుషులున్నారు. నేపాల్ వాళ్ళే ఎక్కువ. నాకు ఆ బుట్టలో కూర్చోడానికి మనసొప్పలేదు, మోకాళ్ళని బతిమాలుకుంటూ నడిచాను. పుష్పావతి నది దాటాక ఒక నిట్టనిలువు ఎక్కుడు, భోజపత్ర చెట్ల మధ్యనుంచి. ఆ చెట్ల బెరడు పొరలు పొరలుగా లేచి ఉంటుంది, పాతకాలం గ్రంథాలు రాసింది దానిమీదే. ముట్టుకుంటే బాగా ఉతికిన మల్లుగుడ్డలా ఉంది. చింపకూడదు, గైడు కళ్ళు మనమీదే ఉంటాయి.

చెట్లు అయిపోయి లోయ తెరుచుకోగానే అందరూ ఫోన్లు తీశారు. నాకు మాత్రం ముందు రంగుల పేర్లే వచ్చాయి. వృత్తి రోగం. లేతగులాబీ బాల్సమ్ పూలు మనిషి ఎత్తున గుంపులుగా ఉన్నాయి. రాణీరంగు జిరేనియాలు. వంకాయరంగువి గంటల్లా వంగి ఉన్నవి కొన్ని. పసుపూ నారింజా కలిసిన పొటెంటిల్లాలు, గుండీ సైజువి. నీళ్ళ పక్కన రాళ్ళలో నదిపూలు, ఇవి కూడా రాణీరంగే, కానీ ఓ చుక్క తక్కువ. కాటన్ మీద రాణీరంగుకీ పట్టు మీద రాణీరంగుకీ తేడా ఉంటుంది చూడండి, అదే తేడా. నాగుపాము పడగలా ఉండే కోబ్రాలిల్లీ ఒకటి గైడు చూపించాడు, ఆకుపచ్చ మీద చారలు. మా షాపులో ఎవరైనా ఈ పది రంగులూ ఒకే చీరలో కావాలంటే "అమ్మా, కొట్టుకుంటాయి" అంటాను. అక్కడ ఎక్కడా కొట్టుకోలేదు.

ఈ లోయ సంగతి ఊళ్ళవాళ్ళకి ఎప్పుడూ తెలిసిందే. గొర్రెలు మేపుకునేవాళ్ళు. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతున్న ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడి బృందం వానలో దారి మార్చుకుని ఇందులోకి దిగిందట. ఆయన 1937లో మళ్ళీ వచ్చి పూలు సేకరించి, పుస్తకం రాశాక బయటి ప్రపంచానికి తెలిసింది. అది చదివి 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ పూల విత్తనాల కోసం ఇంగ్లండు నుంచి వచ్చింది. ఆ జులైలోనే కొండ మీదనుంచి జారి చనిపోయింది. ఆవిడ సమాధి లోయలోనే ఉంది, తర్వాత వాళ్ళ అక్కచెల్లెళ్ళలో ఒకరొచ్చి రాయి వేయించారు. అక్కడిదాకా వెళ్ళాను. చుట్టూ తెల్లపూలు, ఎవరో ఓ రాయి మీద రాయి పేర్చిపెట్టారు. ఊరుకాని ఊళ్ళో పడుకున్న ఆడమనిషి అనిపించి కాసేపు పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి ఫొటో తీయబోతే వద్దన్నాను.

1982లో దీన్ని నేషనల్ పార్కు చేసి మేతని ఆపేశారు. 87.5 చదరపు కిలోమీటర్లు. ఆపితే పూలకి మేలే కదా అనుకున్నాను. గైడు నవ్వాడు. చేత్తో ఒక మొక్కల దడి చూపించాడు. భుజం దాటి పెరిగింది, చివర తెల్లని చిన్నపూల గుత్తులు. పాలిగొనం అంటారట. గొర్రెలు తిరిగినన్నాళ్ళూ దీన్ని తొక్కేవి, మేసేవి, ఇప్పుడు అడ్డులేక మిగతా పూలని మింగేస్తోందని వాళ్ళ ఊరి పెద్దల మాట. అలా కాదు, మేతే పూలని పాడుచేసిందని అనేవాళ్ళూ ఉన్నారు. అటవీశాఖ వాళ్ళు ఏటా మనుషుల్ని పెట్టి దీన్ని పీకిస్తున్నారు. "మా తాత గొర్రెలు ఊరికే చేసిన పనికి ఇప్పుడు మాకు కూలి ఇస్తున్నారు" అన్నాడు. ఇంత మంచి మాట కంపెనీ కాగితం మీద ఎక్కడా లేదు.

హేమకుండ్ గురించి తొందరగా చెప్తాను. ఆరు కిలోమీటర్లు, మెట్లూ మెలికలూ, నాలుగువేల మీటర్లు దాటిపోతాం. నేను గాడిద మీద ఎక్కాను, నడిచి దిగాను. పైన సరస్సు, గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. తల దిమ్ముగా ఉంది. లంగరులో, అంటే గురుద్వారా వంటశాలలో, పెట్టిన వేడి కిచిడీ, స్టీలు గ్లాసు నిండా టీ తాగాక గానీ మనిషిని కాలేదు. పైసా తీసుకోరు. ఈ ఏడు రోజుల్లో తిన్న తిండిలో అదే మొదటి ర్యాంకు. కంపెనీ పెట్టిన ఆలూ పరాటాలు చివరి ర్యాంకు.

అక్కడ చూడాల్సింది ఇంకొకటుంది. మనవైపు బ్రహ్మకమలం అని పెరట్లో పెంచి, రాత్రి విచ్చుకుంటే వీధి వీధంతా పిలిచి హారతిస్తాం చూడండి, అది ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క. అసలు బ్రహ్మకమలం ఈ ఎత్తుల్లో రాళ్ళ మధ్య పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. మీగడరంగులో పల్చటి రేకులు గూడు కట్టినట్టు ఉంటాయి, లోపల వంకాయరంగు పూలు దాక్కుని ఉంటాయి. ఆర్గాంజా పైట కప్పుకున్నట్టు. పక్కనే రాళ్ళ సందులో నీలం పాపీ ఒక్కటంటే ఒక్కటి. ఆనందా బ్లూ అని షాపుల్లో అమ్మే రంగుకి అసలు ఆది జాకెట్టు ఇదే అయ్యుంటుంది. కాడంతా ముళ్ళే.

ఇక అయిదోరోజు జోషీమఠ్ దిగాక గొడవ. జోషీమఠ్ నుంచి పైనున్న ఔలీ కొండకి వెళ్ళే రోప్‌వే ఎన్ని గంటలకి అని అడిగితే "అది బంద్ కదా మాతాజీ" అన్నాడు కంపెనీ మనిషి. ఊరు కుంగినప్పటినుంచీ ఆగిపోయే ఉందట. మరి కాగితం మీద ఎలా రాశారయ్యా? "పాత కాగితం." పోనీ నందాదేవి దర్శనం? "ఔలీ నుంచి కనపడుతుంది, వాతావరణం బాగుంటే." ఆగస్టులో వాతావరణం బాగుండేది ఎన్ని రోజులు? దానికి జవాబు లేదు. చూడండి, మబ్బు నా అదృష్టం, దానికి కంపెనీ పూచీ లేదు. ఒప్పుకుంటాను. కానీ మబ్బు వానాకాలంలో ఉంటుందని నాకంటే వాళ్ళకి బాగా తెలుసు. ఫొటో తీసింది అక్టోబరులోనో నవంబరులోనో, ప్యాకేజీ అమ్మింది ఆగస్టుకి. నేను పెళ్ళికూతురి జాకెట్టు ఫొటో గోడకి తగిలించి, కొన్నవాళ్ళ చేతికి లైనింగు గుడ్డ ఇస్తే ఊరుకుంటారా?

గైడు మధ్యలో పడి ఓ మాట అన్నాడు. రేపు పొద్దున ఎలాగూ మబ్బే. ఔలీకి సాయంత్రం వెళ్దాం. పొద్దున్నంతా ఖాళీగా కూర్చోకుండా నీతి లోయ రోడ్డు మీద రైణీ, లాతా ఊళ్ళు చూపిస్తాను, నందాదేవి నీళ్ళు చూడొచ్చు అని. బండికి అదనంగా 3,000. మేమిద్దరం, నాగపూర్ టీచరమ్మ, పంజాబీ కుర్రాళ్ళు కలిసి వేసుకున్నాం. ఈ అదనపు పూటే లేకపోతే నేను ఈ రివ్యూ రాసేదాన్ని కాదు.

నందాదేవి చుట్టూ మంచు శిఖరాలు గోడ కట్టి ఉంటాయి. ఆ గోడ లోపల కురిసిన నీరంతా ఒక్క సందులోంచే బయటికి రావాలి. ఆ సందులో పారే నది పేరు ఋషిగంగ. అది ధౌలీగంగలో కలిసేచోట ఉంది రైణీ. శిఖరం 7,816 మీటర్లు. కాంచన్‌జంగా తర్వాత మన దేశంలో ఇదే ఎత్తయినది, అది నేపాల్ సరిహద్దు మీద ఉంది కాబట్టి పూర్తిగా మన నేల మీద ఉన్నవాటిలో ఇదే మొదటిది. 1934లో షిప్టన్, టిల్‌మన్ అనే ఇద్దరు ఇంగ్లీషు పర్వతారోహకులు, ముగ్గురు షెర్పాలతో కలిసి ఈ ఋషిగంగ సందులోంచే పాకుతూ లోపలికి దారి కనుక్కున్నారు. అంతకుముందు లోపలికి చేరినవాళ్ళు లేరు. 1936 ఆగస్టు 29న టిల్‌మన్, ఓడెల్ అనే ఇంకొకాయన శిఖరం పైకెక్కారు. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి కాలు పెట్టిన శిఖరాల్లో అంతకంటే ఎత్తయినది లేదు.

రైణీలో గౌరాదేవి పేరు ప్రతి ఒక్కరి నోటా ఉంది. 1974 మార్చి 26న మగవాళ్ళంతా పరిహారం డబ్బు కోసమని చమోలీ వెళ్ళినప్పుడు చెట్లు కొట్టడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. ఈవిడ ఇరవైయేడు మంది ఆడవాళ్ళని వెంటేసుకుని అడవిలోకి వెళ్ళి చెట్లకి అడ్డం నిలబడింది. చిప్కో ఉద్యమం అని మనం బడిలో చదువుకున్నది. అదే ఊరి కింద 2021 ఫిబ్రవరి 7న, పైన రోంతీ శిఖరం పక్కనుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడి, ఋషిగంగ మీద కరెంటు ప్రాజెక్టు కొట్టుకుపోయింది. కింద తపోవన్ ప్రాజెక్టు కూడా. రెండు వందల మందికి పైగా పోయారు. నది ఒడ్డు ఇప్పటికీ గీరినట్టే ఉంది, పైనెక్కడో దాకా బూడిదరంగు. కొత్త వంతెన మీద నిలబడి చూస్తే నీళ్ళు మామూలుగానే పోతున్నాయి. మా డ్రైవరు బండి దిగలేదు.

లాతాలో నందాదేవి గుడి ఉంది. చెక్క మీద చెక్కుడు పని. ఆ ఊరివాళ్ళు భోటియాలు, ఒకప్పుడు గొర్రెలు, ఉన్ని, టిబెట్ దాకా వ్యాపారం. ఓ ఇంటి అరుగు మీద ముసలమ్మ ఉన్ని శాలువ నేస్తోంది. భాష రాదు, ఇద్దరం చేతులతోనే మాట్లాడుకున్నాం. అంచు ఎలా ముడేస్తుందో రెండుసార్లు చేసి చూపించింది, నేను నా జాకెట్టు చేతిమడత తిప్పి చూపించాను. ఆవిడ వేలితో కుట్టు తడిమి తల ఊపింది. ఇన్నేళ్ళలో నాకు దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. శాలువ 2,800, బేరమాడలేదు.

ఆవిడ కొడుకే చెప్పాడు, గైడు నాకు తెలిసిన హిందీలోకి దించాడు. 1983 నుంచి నందాదేవి లోపలి లోయ మూసేశారు. డెబ్బైల్లో తెరిచినప్పుడు ఎక్కేవాళ్ళ బృందాలు వరసగా వచ్చి చెత్త పోశాయి, వంటచెరకుకి చెట్లు కొట్టారు, వేట సాగింది. 1982లో నేషనల్ పార్కు, 1988లో యునెస్కో వారసత్వ జాబితా, 2005లో పూలలోయని కూడా దాంతో కలిపారు. మంచు చిరుతలూ కస్తూరి మృగాలూ బతికాయి. లాతా వాళ్ళ మేతా పోయింది, కూలీ పోయింది. ఇప్పుడు వాళ్ళ ఊరి నుంచి ధరాన్సీ వైపు ఒక్క దారి మాత్రం కొద్దిమందికి పర్మిట్ మీద తెరిచారు. అదీ బయటి అంచు దాకే. కోపం లేదా అంటే "కోపం ఉంది. కానీ దేవి ఇల్లు కదా, తాళం వేసి ఉంటేనే మంచిది" అన్నాడు. ఆ పక్కవాడు వెంటనే ఇంకో కథ ఎత్తుకున్నాడు. 1965లో చైనా అణుపరీక్షల మీద కన్నేయడానికి అమెరికా సీఐఏ, మన ఇంటెలిజెన్స్ కలిసి ప్లుటోనియంతో నడిచే యంత్రాన్ని ఆ శిఖరం మీదికి మోయించాయి. మంచుతుఫానులో మధ్యలో వదిలేసి వచ్చారు. మరుసటేడు వెళ్ళి చూస్తే లేదు. నేటికీ దొరకలేదు. "ఆ నీళ్ళే మీరూ తాగుతారు కింద" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నంద ఆ ఊళ్ళకి ఆడపడుచు. పన్నెండేళ్ళకోసారి అని లెక్క, 2000లో, ఆ తర్వాత 2014లో జరిగింది, ఆమెని అత్తారింటికి, కైలాసానికి, సాగనంపే జాతర. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుందట. బట్టలు, గాజులు, తినుబండారాలు మోసుకుని రోజుల తరబడి కొండలెక్కుతారు. సారె పంపడమన్నమాట! సారె జాకెట్లు ఒక్క శ్రావణంలో నేను ఎన్ని కుట్టానో లెక్కే లేదు. ఆ మాట గైడుకి చెప్తే, "అయితే నందకి కూడా ఒకటి కుట్టండి, కొలతలు మాత్రం దొరకవు" అన్నాడు.

సాయంత్రం ఔలీ, రోడ్డు మీదుగా. నాలుగున్నర నుంచి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. గడ్డివాలు మీద టార్పాలిన్ వేసుకుని కూర్చున్నాం. అయిదున్నరకి కంపెనీ మనిషి "ఇక లేదు, చలి, పదండి" అని బండి స్టార్టు చేయించాడు. గైడు కదల్లేదు. పడమటి నుంచి గాలి మారిందంటాడు. ఆరింటికి పది నిమిషాలుందనగా మబ్బు కింద కాదు, పైన చిరిగింది. నేను చూపు ఆనించినచోటు కంటే చాలా పైన. అంత ఎత్తున కొండ ఉంటుందని మెడ అనుకోలేదు. సాయంత్రం ఎండ సూటిగా దానిమీదే పడి, మంచు పసుపు కలిపిన పాలరంగులో ఉంది. కింద సగం లేదు, మబ్బులో తేలుతోంది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పంజాబీ కుర్రాళ్ళు జేకారా, అంటే వాళ్ళ జయజయధ్వానం, వేయబోయి ఆగిపోయారు. పన్నెండు నిమిషాలు. ఫోను తీసిన టీచరమ్మకి ఒక ఫొటో వచ్చింది, అందులో తెల్ల మచ్చ తప్ప ఏం లేదు. నేను తీయలేదు.

వెనక్కొచ్చేసరికి కంపెనీ మనిషి "దర్శనం అయింది కదా మాతాజీ, అయిదు స్టార్లు వేయండి" అన్నాడు. అతను అప్పుడు బండిలో పాటలు వింటున్నాడు.

స్టార్లు ఇవిగో. లోయకు అయిదు. గైడుకు అయిదు, వీలైతే ఇంకొకటి. డ్రైవరుకు నాలుగున్నర, రాత్రిళ్ళు ఫోను మాట్లాడుతూ నడిపినందుకు అర తగ్గించాను. హేమకుండ్ కిచిడీకి అయిదు. కంపెనీకి రెండు, ఆ రెండూ గైడుని పెట్టుకున్నందుకే. నేరుగా ఆ లోయ మనుషులతోనే మాట్లాడుకుని వెళ్ళొచ్చు. గోవిందఘాట్‌లో, ఘాంఘ్రియాలో అడిగితే దొరుకుతారు, ఆ డబ్బూ వాళ్ళ చేతికే వెళ్తుంది. పూలు కావాలంటే జులై రెండో సగం నుంచి ఆగస్టు. శిఖరం కావాలంటే వానలు వెళ్ళాక. రెండూ ఒకే వారంలో చూపిస్తాం అన్నవాడి లోపలి కుట్టు తిరగేసి చూడండి.

అన్నట్టు, రిషికేశ్‌లో పోంచోలు వెనక్కి ఇచ్చేటప్పుడు నా డిపాజిట్టులో 200 కోశారు. ఎందుకయ్యా అంటే, భుజం దగ్గర చిరిగితే ఎవరో కుట్టినట్టుందట.